క్షమాపణ మాట కోసం వచ్చిన తగువు

"అయ్యగారూ, తప్పు నాది కానప్పుడు కూడా నేనే తగ్గాలా?"

తీతు మా మామగారిని ఇలా అడిగాడు. అది గుడ్ ఫ్రైడే ముందొచ్చే మట్టల ఆదివారం దాటాక, మంగళవారం మధ్యాహ్నం. నేను మజ్జిగ గ్లాసు అందిస్తూ నిలబడ్డాను, అతను అది అందుకోవడం కూడా మరిచిపోయాడు. అంత ఉడికిపోతున్నాడు పాపం.

మా మామగారు రత్నప్రకాశం గారు పాస్టరుగా రిటైరై చాలాకాలమైంది. అయినా ఆయన దగ్గర సేవ నేర్చుకున్నవాళ్లు ఏ చిక్కు వచ్చినా ఇప్పటికీ మా వసారాలోకే వస్తారు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం మాత్రం ఆయనకు అలవాటు లేదు. "కూర్చో నాయనా, చూద్దాం" అంటారు, అంతే. పెళ్లయిన కొత్తలో నాకైతే ఒళ్లు మండిపోయేది.

తీతు పక్క ఊరి సంఘానికి కిందటేడే పాస్టరుగా వచ్చాడు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్నీ ఏడుగురు పంచుకుని ప్రసంగించడం మా వైపు ఆనవాయితీ. వాటిలో మొదటిది, తనను సిలువ వేసినవాళ్లను క్షమించమని తండ్రిని వేడుకున్న మాట. ఆ ఊళ్లో అది ఏటేటా జెకర్యా గారిదే. ఆయన సంఘ పెద్ద. గుడి కట్టేటప్పుడు స్వయంగా ఇటుకలు మోసిన మనిషి. గొంతెత్తితే మైకు అక్కర్లేదు, మొదలుపెడితే మాత్రం ఆపే నాథుడు ఉండడు. ఈ ఏడు తీతు ఆ మాటను సుగుణ టీచరుకిచ్చి, ప్రసంగీకుల పేర్లు రాసి గుడి గోడకు అంటించేశాడు. ఆడవాళ్లకూ అవకాశమివ్వాలన్నాడు. మంచి ఆలోచనే, నేను కాదనను. అయితే ఆ కాగితంలో జెకర్యా గారి పేరు ఎక్కడా లేదు.

ఇంకేముంది! ఆయన గుడి గడప తొక్కనని తెగేసి చెప్పి, శుక్రవారం తన ఇంటి ముందు షామియానా వేయించి వేరే ఆరాధన పెడుతున్నారు. సగం కుటుంబాలు ఆయన వైపే. ఇవాళ షామియానాగా లేచింది రేపు రేకుల షెడ్డవుతుంది, ఎల్లుండి ఇంకో సంఘమవుతుంది. అలా చీలిపోయిన ఊళ్లలో అన్నదమ్ములు ఒకరింటి పెళ్లికి ఒకరు వెళ్లకపోవడం నేను కళ్లారా చూశాను.

"పుల్పిట్ మీద నిలబడి ప్రసంగంలోనే ఆయన సంగతంతా కడిగేద్దామనుకున్నాను అయ్యగారూ, ఆపుకున్నాను. ఇక నావల్ల కాదు" అన్నాడు తీతు. "నా మూలంగా గొడవెందుకని సుగుణ టీచరు కూడా తప్పుకుంది. మీరొచ్చి మొదటి మాట చెప్పండి. మీరొస్తే ఆ షామియానా కింద ఒక్కరూ మిగలరు."

"చూద్దాం. ముందు మజ్జిగ తాగు" అన్నారు మామగారు.

అతను గ్లాసు కింద పెట్టకముందే గేటు చప్పుడైంది. చూద్దును కదా, సంచీడు మామిడికాయలతో సాక్షాత్తూ జెకర్యా గారు! "వందనాలయ్యగారూ" అంటూ లోపలికొచ్చి, తీతుని చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. వచ్చిన పని మాత్రం దాచుకోలేదు. "శుక్రవారం మా ఇంటి దగ్గర ఆరాధన పెట్టుకున్నామండీ. మొదటి మాట మీరే చెప్పాలి. మీరొస్తే ఊరంతా మా దగ్గరే ఉంటుంది."

నాకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మం చాటుకు వెళ్లాను.

మామగారు ఇద్దర్నీ ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. "రెండు చోట్లకీ రాలేను కదా. ఆ మాట మీద చెరో నాలుగు ముక్కలు ఇక్కడే చెప్పండి. ఎవరిది బాగుంటే వాళ్ల దగ్గరికి వస్తాను."

జెకర్యా గారి మొహం విప్పారింది. కండువా సర్దుకుని లేచారు. "ప్రియమైన దేవుని బిడ్డలారా!" అన్న కేకకు వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి.

"అంతమంది ఇక్కడెక్కడున్నారు జెకర్యా? ఉన్నది తీతు ఒక్కడే. అతని మొహం చూసి చెప్పు" అన్నారు మామగారు.

ఆయన తీతు వైపు తిరిగారు. "ప్రభువు..." అన్నారు. ఆగారు. "ప్రభువు, తనను బాధపెట్టినవాళ్లను..." అని మళ్లీ ఆగి, మెడ తుడుచుకుని కూర్చున్నారు. "ఎండన పడి వచ్చాను. గొంతారిపోయింది."

నేను మంచినీళ్లు తెచ్చేసరికి తీతు లేచి నిలబడ్డాడు. చదువుకున్నవాడు, మాటలకు తడుముకోడు. "క్షమాపణ అంటే..." అని మొదలుపెట్టి జెకర్యా గారి వైపు చూశాడు. ఆ పెద్దమనిషి తలొంచుకుని చేతిలో కండువా మెలిపెడుతున్నారు. అంతసేపూ కోపమనుకున్నాను గానీ, అది అవమానమని అప్పుడు నాకే తెలిసింది. ఎదురుగా ఉన్నవాడికి తెలియదా!

తీతు గొంతు దిగిపోయింది. "బాబాయ్ గారూ, ఆ కాగితం అంటించేముందు నేను మీ ఇంటికి రావాల్సింది. మీరు అడ్డుపడతారని భయపడి రాలేదు. తప్పు నాదేనండీ. క్షమించండి."

జెకర్యా గారు కండువా మెలిపెట్టడం ఆపారు. తర్వాత, "మా మనవరాలు చదివింది ఆ కాగితం. 'తాతయ్యా, నీ పేరేది?' అని అందరి ముందూ అడిగింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు పాస్టరు గారూ" అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. "మీ మీద ఊళ్లో నానా మాటలూ అన్నాను. మీరూ నన్ను క్షమించాలి. ఇప్పుడా షామియానా వాడికి ఏం చెప్పను?"

"గుడి ముందు వేయమనండి. ఈ ఎండకు జనం లోపల ఎక్కడ పడతారు? మొదటి మాట కూడా మీరే చెప్పండి" అన్నాడు తీతు.

"వద్దొద్దు. టీచరమ్మనే చెప్పనివ్వండి, నేను వెళ్లి పిలుస్తాను. నాకేదైనా చిన్నది ఇవ్వండి."

"ప్రభువు దాహమన్న ఆ ఒక్క ముక్క మాట నా పేరున ఉంది, తీసుకోండి. కానీ మీకు చిన్నదంటూ ఏముంటుంది బాబాయ్ గారూ!" అనేసి తీతు నాలుక్కరుచుకున్నాడు. జెకర్యా గారు ఒక్క క్షణం గుడ్లురిమి, అంతలోనే పగలబడి నవ్వారు. నా ప్రాణం కుదుటపడింది.

ఇద్దరూ కలిసే బయల్దేరారు. గేటు దాకా వెళ్లిన తీతు ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. "అయ్యగారూ, శుక్రవారం మీరు..."

"వస్తాను. పన్నెండింటి బస్సుకి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను."

"ఆరాధన పన్నెండింటికే మొదలు, ఆ బస్సయితే మీకు క్షమాపణ మీద ప్రసంగం అందదండీ. స్కూటరు వేసుకుని నేనొస్తాను."

"ఎందుకు నాయనా శ్రమ" అన్నారు మామగారు. "అది నేను ఇప్పుడే విన్నాను కదా."