వెలగని దీపం

పరాంకుశం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుందని విజయవాడ స్టూడియోలో అందరూ నవ్వుకునేవారు. నాలుగు కెమెరాలతో ఒకేసారి కార్యక్రమం తీయడం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు బోలెడంతమంది. ఈ సంగతి తెలిసి కూడా సువార్త ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, ఎవరూ చూడని బొమ్మని పట్టుకుని నేనెందుకు నిలబడాలండీ?"

అడగదూ మరి! ఏడు నెలలుగా ఆమెది నాలుగో కెమెరా. అది హాలు చివర, చెక్కబల్ల మీద, అందరికీ దూరంగా ఉంటుంది. వేదిక మొత్తం కనిపించేలా పెట్టి, కదలకుండా పట్టుకోవడమే పని. ఏ కెమెరా బొమ్మ జనం ఇళ్లలోకి వెళుతుంటే దాని నెత్తిన ఎర్రదీపం వెలుగుతుంది. సువార్త దీపం వెలిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే "వన్... త్రీ... టూ" అని మాస్టారి పిలుపులు వినిపిస్తూనే ఉంటాయి, ఆమె అంకె తప్ప. బాపట్ల నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఇందాక టీవీలో చూశానే. అందులో నువ్వు తీసిందేదే?" అంటుంది. "పాడే ఆయన మొహం దగ్గరగా కనబడిందే, అది నాదేనమ్మా" అని అబద్ధం చెప్పి, హాస్టల్ గదిలో ఒక్కతే కూర్చుని ఏడ్చేది. తెనాలిలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లు రమ్మంటున్నారు. అక్కడైతే తీసిన ప్రతి బొమ్మా తనదే. వచ్చేదీ రానిదీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి.

ఐదింటికి హరికథ ప్రత్యక్ష ప్రసారం ఉంది. మాస్టారు తన కుర్చీ చూపించి, "బటన్లు నొక్కడం నేర్చుకున్నావుగా. ఇవాళ నువ్వు కూర్చో. నీ కెమెరా దగ్గర నేనుంటా" అని, మోకాళ్ల నొప్పితోనే హాలు చివరికి నడిచి బల్లెక్కారు.

సువార్త కంట్రోల్ గదిలో ఆ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా నాలుగు తెరలు, చేతి కింద నాలుగు బటన్లు; ఏది నొక్కితే ఆ కెమెరా బొమ్మ ప్రసారంలోకి వెళుతుంది. మొదటి అరగంటా బాగానే గడిచింది. ఇంతలో హరిదాసు గారికి కథ మధ్యలో ఆవేశం వచ్చింది. నిలబడమని గీసిన గీత దాటి, చిడతలు మోగిస్తూ వేదిక ఆ చివరకు గంతేశారు. ప్రసారంలో ఉన్న ఒకటో కెమెరా ఆయన్ను కిందా మీదా పడి వెంటాడుతోంది. ఇంకో రెండడుగులు వేస్తే దానికి స్తంభం అడ్డొస్తుంది. ఒకరు వెళ్లండి, ఒకరు ఆగండి అని చెప్పాల్సింది సువార్త. నోరు పెగల్లేదు. దాంతో రెండో కెమెరా, మూడో కెమెరా ఒకేసారి ఆయన కోసం తిరిగాయి. ఆ రెండు తెరల మీదా గోడలూ, మృదంగం వాయించే ఆయన మోచెయ్యీ పరుగులు పెడుతున్నాయి.

నాలుగో తెరలో మాత్రం హరిదాసు గారు చిన్నగా, నిలకడగా ఉన్నారు. సువార్త వేలు ఆ బటన్ మీదికి వెళ్లి, నొక్కకుండా ఆగింది. వెళ్లగానే ఊపిరి ఆడింది, మాట వచ్చింది.

"టూ, నువ్వెళ్లు. త్రీ, కదలకు."

రెండో కెమెరా కుదురుకుంది. వేలు నాలుగు మీంచి తీసి రెండు నొక్కింది. కథ సాగిపోయింది.

మంగళం పాడేశాక ఆమె హాల్లోకి పరుగెత్తింది. మాస్టారు బల్ల అంచున ఒక్కరే కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నారు.

"గంట నిలబడ్డా. నా దీపం ఒక్కసారీ వెలగలేదు," అన్నారు.

"అయ్యో, మిమ్మల్నే చూస్తూ కూర్చున్నానండీ! మీ బొమ్మ ఉందనేగా నాకు ధైర్యం..." అంటూ ఆగిపోయింది. ఏడు నెలలుగా ఆ కుర్చీలో కూర్చుని తన బొమ్మను చూస్తున్నదెవరో అప్పుడు గుర్తొచ్చింది.

చేతిలో ఫోన్ మోగుతోంది. తెనాలి వాళ్లు. సువార్త దాన్ని మోగనిచ్చింది.

"ఆ సంగతి మీకు తెలియలేదా మాస్టారూ?"

"ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారాయన, హెడ్‌ఫోన్ తీసి ఆమె చేతిలో పెడుతూ. "ఇక్కడ నిలబడ్డవాళ్లకి ఆ మాట ఎవరూ చెప్పరు. నేనూ చెప్పలేదు."