చౌడమ్మ ఎత్తిన పడుగు

ఆ టీవీ కట్టేసి ఇలా రండి. హారికా, నువ్వీ పక్క. భార్గవా, నువ్వా పక్క. కుక్కపిల్లని మంచం ఎక్కించొద్దన్నానా? సరే, ఎక్కించేశారుగా, కాళ్ళ దగ్గర పడుకోబెట్టండి. పాపం, సాయంత్రం నుంచీ వణుకుతూనే ఉంది. అంత పెద్ద కుక్క మీదకొస్తే భయం ఉండదూ మరి. ఇస్త్రీ నూకమ్మ పరిగెత్తుకొచ్చి అడ్డం పడబట్టి సరిపోయింది. మీకూ ఇంకా దడ తగ్గలేదని నాకు తెలుసు, అందుకని ఇవాళ దెయ్యం కథ వద్దు. ఇంకోటి చెబుతాను. ఊ కొట్టాలి. కొట్టకపోతే అక్కడికక్కడే ఆపేస్తాను.

అనగనగా ఒక మగ్గాల ఊరు. ఏ ఇంటి ముందు నిలబడినా టకటక టకటక మగ్గం చప్పుడే. ఆ ఊళ్ళో చౌడమ్మ అని ఒకావిడ. నేతలో చెయ్యి తిరిగిన మనిషి, మాటకి మాత్రం పరమ పిసినారి. పొద్దున్నే ఓ నాలుగు మాటలంటే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే. ఆవిడకి ఒక్కడే కొడుకు. వాడికి కొత్తగా పెళ్ళయింది, కోడలు పేరు ముత్యాలు. కొడుకేమో నూలు కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటాడు. ఇంట్లో అత్త, కోడలు, మగ్గం. మాట్లాడేది మగ్గం ఒక్కటే.

మరి ముత్యాలుకి తోడెవరంటే, పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న మేకపిల్ల. తెల్లగా ఉంటుందని జున్ను అని పేరు పెట్టుకుంది. దాని తల్లి చచ్చిపోతే ముత్యాలే గుడ్డ ఒత్తి పాలల్లో ముంచి నోట్లో పెట్టి బతికించింది. ఈ కొత్త ఊళ్ళో తన మాట అర్థమయ్యేది దానికొక్కదానికే. అదిగాని లేకపోతే ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి చిక్కిపోయేది. ఊ కొడుతున్నారా?

పడుగంటే తెలుసా మీకు? చీరకి నిలువు పోగులు. మగ్గానికి ఎక్కించేముందు వాటిని వీధిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా చాపి, నడుమెత్తు కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. పొద్దున్నే ఎండ ముదరక ముందే చెయ్యాలి. పడుగు వేసి ఉన్నప్పుడు దాన్నెవరూ దాటకూడదు, కింద నుంచి దూరకూడదు. ఎంత పెద్దమనిషైనా కొస దాకా వెళ్ళి చుట్టు తిరిగి రావలసిందే. దాటితే ఆ ఇంటికి కీడని వాళ్ళ నమ్మకం. చౌడమ్మకైతే ఆ పట్టింపు మరీ ఎక్కువ. కట్టుకున్న మొగుణ్ణి కూడా దూరనివ్వలేదట ఎప్పుడూ.

మరి మేకకి గంజంటే ఎంత ఇష్టం! వచ్చిన మొదటి రోజే జున్ను వెళ్ళి గుప్పెడు పోగులు నమిలి మింగేసింది. చౌడమ్మ తిట్టలేదు. పడుగు వేసినప్పుడు ఇది వీధిలో కనబడకూడదు అంది, అంతే. ఆ మాటతో ముత్యాలు రోజూ తెల్లారగానే జున్ను మెడకి తాడు కట్టి, చద్దిమూట చేతబట్టుకుని, ఊరి బయట గడ్డిబాట మీద నడిపించేది. గంజి ఆరాక ఇంటికొచ్చేది. మేకని షికారు తిప్పుతోందని ఊరంతా నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ.

ఆ బాట పక్కనే రాజుగారి కోట. రాజుగారికి ఒక వేటకుక్క, దూడంత ఉంటుంది. దాని పేరు గండభేరుండం అట. కుక్కకి ఆ పేరేమిటో, రాజులకి పనేముంటుంది, ఇలాంటివే. దాన్ని కట్టేసేవాడు కాదు. మా కుక్కకి గొలుసేమిటి, అది ఎవర్నీ ఏమీ అనదు అనేవాడు. కుక్కలున్నవాళ్ళంతా అదే మాట చెబుతారు. కరిపించుకునేది వాళ్ళు కాదుగా.

ఒకరోజు ఆ కుక్క కోట గుమ్మం దాటి బయటికొచ్చింది. జున్నుని చూసింది. పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. ముత్యాలు పరిగెత్తలేదు. కుక్కకి వీపు చూపించకూడదని వాళ్ళ నాన్న చిన్నప్పుడే చెప్పాడు. జున్నుని చంకనెత్తుకుని, కళ్ళు కుక్క మీదే పెట్టి, అడుగు వెనక్కి, అడుగు వెనక్కి.

కుక్క దగ్గరికొచ్చింది. ముత్యాలు చద్దిమూట విసిరింది. కుక్క వాసన చూసింది, వదిలేసింది, మళ్ళీ వచ్చింది. అడుగు వెనక్కి, అడుగు వెనక్కి. కానుగ కొమ్మ విరిచి ఝుళిపించింది. కుక్క కొమ్మ లాక్కుంది, కొరికేసింది, మళ్ళీ వచ్చింది. అడుగు వెనక్కి, అడుగు వెనక్కి. ఈసారి కుక్క పైట కొంగు పట్టుకుని లాగింది. కొంగు చిరిగి దాని నోట్లో ఉండిపోయింది. అది ఉమ్మేసి మళ్ళీ వచ్చింది. ఇంక విసరడానికి ముత్యాలు చేతిలో ఏముంది? జున్ను ఒక్కటే ఉంది. దాన్ని వదిలేస్తే తను బతుకుతుంది. వదిలేస్తుందా? వదల్లేదు. గట్టిగా హత్తుకుని, అడుగు వెనక్కి, అడుగు వెనక్కి, అలాగే వీధి మొదటికి వచ్చేసింది.

వచ్చేసరికి ఏముందీ, వీపుకి తడి పోగులు తగిలాయి. వీధి పొడుగునా పడుగు. ఇల్లు దానికి అవతల. చుట్టు తిరిగేలోపు కుక్క పీక పట్టుకుంటుంది. అవతల పక్క చౌడమ్మ, చేతిలో కుంచెతో. పైగా అది మామూలు పడుగు కాదర్రా, దసరాకి రాణిగారు కట్టుకోబోయే చీర. నెల్లాళ్ళ కష్టం. ముత్యాలు వెనక్కి తిరిగి అత్తవంక ఒక్క చూపు చూసింది. దూరతానని అడగడానికి నోరు రాలేదు.

చౌడమ్మ కుంచె కింద పడేసింది. రెండు చేతులా పడుగు పైకెత్తింది.

"దూరవే పిల్లా" అంది.

ముత్యాలు మేకతో సహా ఇటు దూరింది. వెనకే కుక్క దూకింది. చౌడమ్మ పడుగు వదిలేసి, కర్రని ఒక్క తన్ను తన్నింది. పడుగంతా కుక్క మీద పడింది. అది గింజుకున్నకొద్దీ కాలికి పోగు, చెవికి పోగు, తోకకి పోగు, పంటికి పోగు. ఆపైన చౌడమ్మ కుండెడు గంజి దాని నెత్తిన గుమ్మరించింది. కళ్ళకి గంజి అంటుకుని, దారి కనబడక, గండభేరుండం కుయ్యిమంటూ కూలబడింది. నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి.

కుక్కని వెతుక్కుంటూ రాజుగారొచ్చారు. రాణిగారు కూడా పల్లకీలో వచ్చారు. నా కుక్కని ఇలా చేసిందెవరని రాజు కళ్ళెర్ర చేశాడు. వీధిలో అందరూ గోడలకి అతుక్కుపోయారు. చౌడమ్మ ముందుకొచ్చింది.

"మేకపిల్ల మెడకి తాడుంది మహారాజా. మీ కుక్క మెడకేదీ?" అంది.

రాజు కుక్క మెడ వంక చూశాడు. రాణిగారు పల్లకీ దిగి తెగిన పోగులు చూసింది, ముత్యాలు చిరిగిన కొంగు చూసింది. పోగులు అతికి ఆ చీరే నెయ్యండి, ముడులున్నా అదే కట్టుకుంటాను అంది. ఆ పూటే కోటలో గొలుసు చేయించారు.

అందరూ వెళ్ళిపోయాక అత్తాకోడళ్ళు చెరోపక్క కూర్చుని తెగిన పోగులు అతుకుతున్నారు. జున్ను మెల్లిగా వచ్చి గంజి పోగులు నములుతుంటే చౌడమ్మ తోలలేదు, తిననీ అంది. ముత్యాలుకి ఏడుపు ఆగలేదు. మేకపిల్ల కోసం పడుగెత్తావా అత్తా అని అడిగింది.

"మేక కోసం కాదే" అంది చౌడమ్మ, పోగు మీంచి కళ్ళు తియ్యకుండా. "నేనీ ఇంటికి వచ్చినప్పుడు నాకు మేకపిల్ల కూడా లేదు."

ముత్యాలు చేతిలో పోగు పక్కనబెట్టి, వెళ్ళి అత్త కాళ్ళకి దణ్ణం పెట్టుకుంది. నీ మేలు మర్చిపోను అత్తా, రోజూ తలుచుకుంటాను అంది. తలుచుకుంది కూడా. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మగ్గం కంటే ఈ ఇద్దరి మాటలే ఎక్కువ వినబడేవట. దసరాకి రాణిగారు ఆ ముడుల చీరే కట్టుకుంది. ఆ ముడులేమిటని అడిగినవాళ్ళందరికీ చౌడమ్మ పేరు చెప్పింది.

మనకోసం ఎవరైనా తమ పని పాడుచేసుకుని వచ్చారంటే, వాళ్ళని మర్చిపోకూడదర్రా. అంతే కథ. ఏమే హారికా, ఊ కొట్టడం మానేశావేం?

ఏమిటీ? నూకమ్మ చేతిలో ఇస్త్రీ బట్టలా? కుక్కకి అడ్డం పడ్డప్పుడు బురదలో పడిపోయాయా? అన్నీనా? మరి మీరేమన్నారు నూకమ్మతో? ఏమీ అనకుండా ఇంటికి పరిగెత్తుకొచ్చేశారా?

ఏడవకు. భయంలో తోచలేదు, అంతే. అవన్నీ మళ్ళీ ఉతుక్కోవాలి పాపం, మనకి ఒక్క మాట కూడా చెప్పలేదు. పొద్దున్నే ముగ్గురం వెళ్దాం. నేను మినపసున్ని ఉండలు కట్టిస్తాను, నువ్వు చేతికియ్యి. భార్గవా, నువ్వు బట్టలు తడిపి ఆరెయ్యడానికి సాయం చెయ్యి. కుక్కపిల్లని కూడా తీసుకెళ్దాం, దాన్నీ ఒకసారి చూసుకుంటుంది. తాడు కట్టడం మర్చిపోకండి.

కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పట్లోకి దూరండి.