పొరపాట్ల గాదె

అనగనగా, ఎండాకాలంలో కూడా వాగు ఎండిపోని ఒక అడవిలో, ఒక ముళ్ళపంది ఉండేది పిల్లలూ. దాని పేరు గిలక. నడిస్తే వీపు మీది ముళ్ళు గలగలమనేవి, అందుకని అందరూ అలా పిలిచేవారు. భయం వేస్తే ఆ చప్పుడు ఇంకా ఎక్కువయ్యేది. గిలకకు నా అన్నవాళ్ళు లేరు. దుంపల కోసం నేల తవ్వడమే దాని పని.

ఆ అడవిలోనే ఒక చిరుతపులి కూడా ఉండేది. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. పొద్దు వాలేసరికి కొండ మీంచి దాని గొంతు మాత్రం వినబడేది, ఎవరో మొద్దును రంపంతో కోస్తున్నట్టు. ఆ చప్పుడు వినగానే పిట్టలు కూడా కిక్కురుమనేవి కావు.

ఏటా వానలకు ముందు కొండముచ్చు తాత అందరి గడపలూ తొక్కేవాడు. కొండ కింద రాతి సందులో ఒక గాదె ఉంది. ఎండబెట్టిన ఇప్పపువ్వో, వెదురు బియ్యమో, దుంపలో, ఎవరికి తోచింది వాళ్ళు అందులో వేసేవారు. దాన్ని పొరపాట్ల గాదె అనేవారు.

"అమ్మాయ్, నీ వంతు ఏమైనా వేస్తావా?" అని అడిగాడు తాత, గిలక బొరియ ముందు చతికిలబడి.

"నాకెందుకు తాతా? నా ముళ్ళు చూశావుగా. నన్నెవరు ఏం చేయగలరు?" అంది గిలక.

"నిన్నెవరో ఏదో చేస్తారని కాదమ్మా. నీ వల్ల ఇంకొకరికి ఏదైనా అయితే? ఈ గాదె అందుకు. మన నల్లప్ప సంగతి నీకు తెలుసుగా."

నల్లప్ప అంటే ఎలుగుబంటి. పోయిన ఏడు తేనె కోసం చెట్టెక్కితే కొమ్మ విరిగి, కింద ఉన్న అడవికోడి మీద పడింది. గుడ్లు చితికిపోయాయి. కోడి కాలు నలిగిపోయింది.

"నల్లప్ప ఏడ్చాడు. ఏడిస్తే కోడి కడుపు నిండుతుందా?" అన్నాడు తాత. "కాలు బాగయ్యేదాకా కోడికి గాదెలోంచే మేత పెట్టాం. వంతులవారీగా కాపలా కాశాం. అంత బరువు నల్లప్ప ఒక్కడి మీదే పడితే కోడీ బతికేది కాదు, వాడూ బాగుపడేవాడు కాదు."

"మరి కావాలనే కొమ్మ విరిచి పడేస్తే?" అంది గిలక, కాస్త వెటకారంగా.

"అప్పుడు గింజ కూడా రాదు. ఇది పొరపాటుకే. అది జరగ్గానే వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇంకోటి, జరిగాక పరిగెత్తుకొచ్చి ఇప్పుడు వేస్తానంటే కుదరదు. ముందే వేసి ఉండాలి."

గిలక వెనక్కి తిరిగి తన దుంపల కుప్ప చూసుకుంది. చాలా కష్టపడి తవ్వినవి అవి. ఎవరికో, ఎప్పుడో, ఏదో అవుతుందని వీటిని ఇచ్చేయాలా?

"నేనెవరి జోలికీ పోను తాతా. నా తవ్వకమేదో నాది. నన్నొదిలెయ్," అంది.

తాత బలవంతపెట్టలేదు. లేచి, తోక దులుపుకుని, పక్క గడపకు వెళ్ళిపోయాడు.

వానలు పడ్డాయి. నేల మెత్తబడింది. జింకలు వాగుకు వెళ్ళే దారి పక్కన మంచి దుంపలు ఊరాయి. గిలక వాటి వెంటే తవ్వుకుంటూ దారి అడుగుకు వెళ్ళిపోయింది. పైన పల్చటి మట్టి పొర మాత్రం మిగిలింది. బయటికి వచ్చి చూసి, 'ఇక్కడో ముళ్ళకంప అడ్డం వేస్తే మంచిది' అనుకుంది. ఇంతలో జల్లు మొదలైంది. రేపు చూద్దాంలే అనుకుని ఇంటికి పోయింది.

మరునాడు పొద్దు వాలుతుండగా అరుపు వినబడింది. సన్నటి అరుపు, పసిగొంతు. బొరియలో ఉన్న గిలకకు ఎక్కడి నుంచో, ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

'నేను తవ్వడం ఎవరూ చూడలేదు' అనుకుంది. ముళ్ళు గలగలమన్నాయి. 'వానకు నేల కుంగిందని అందరూ అనుకుంటారు' అనుకుంది. ముళ్ళు ఇంకా గట్టిగా మోగాయి. 'కొండ అవతలికి పోతే నన్నెవరు అడుగుతారు?' అనుకుంది. ఈసారి తన చప్పుడు తనకే భయమేసి, గోడకు వీపు ఆనించి నొక్కిపట్టింది.

"ఎవరైనా ఉన్నారా?" అని తల్లి జింక గొంతు. "పిల్ల కాలు ఇరుక్కుపోయింది. ఎవరైనా రండి."

అప్పుడే కొండ మీద రంపం కోత మొదలైంది. కాసేపు వినబడింది. ఆగిపోయింది. ఆగిపోవడమే భయంకరం. అరుస్తున్నంతసేపూ అది ఎక్కడుందో తెలుస్తుంది. ఆగిందంటే బయలుదేరిందన్నమాట.

బొరియ వెచ్చగా ఉంది. ఇక్కడికి ఏ చిరుతా రాలేదు. గిలక ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత వణుక్కుంటూనే బయటికి వచ్చింది.

దారి మధ్య చెంగల అనే జింక, పిల్ల చుట్టూ తిరుగుతోంది. పిల్ల పేరు పుప్పొడి. దాని ముందు కాలు గోతిలో దిగబడి ఉంది.

"వదినా, నేల దానంతటదే కుంగిపోయింది. ఎలా తీయాలో తెలియడం లేదు," అంది చెంగల.

"దానంతటదే కాదు వదినా. నేను తవ్వాను," అంది గిలక.

చెంగల దాని వంక చూసింది. "ముందు తియ్యి," అంది.

గిలక గబగబా మట్టి తోడింది. కాలు పైకి వచ్చింది కానీ మోకాలి కింద వేలాడుతోంది. అప్పుడు పక్కన గడ్డి కదిలింది. గాలి లేదు.

చిరుత బయటికి వచ్చింది. తొందర లేకుండా, పొట్ట నేలకు రాసుకుంటూ. గిలక దాన్ని చూడడం అదే మొదలు. పారిపొమ్మని కాళ్ళు లాగుతున్నాయి. అయినా పిల్లకు అడ్డంగా వెనక్కి తిరిగి నిలబడి ముళ్ళన్నీ నిక్కబొడిచింది. చిరుత చుట్టూ తిరిగితే తనూ తిరిగింది. అది పంజా చాచింది. ఒక ముల్లు దిగింది. చిరుత పంజా నాక్కుంటూ కాస్త దూరంలో కూర్చుంది.

"వానాకాలం ఇంకా చాలా ఉంది. కుంటిది ఎక్కడికి పోతుంది?" అంది మెల్లగా. "నాకేం తొందర లేదు." లేచి గడ్డిలోకి వెళ్ళిపోయింది.

తెల్లవారగానే గిలక నోటికి పట్టినన్ని దుంపలు కరుచుకుని గాదె దగ్గరికి పరిగెత్తింది. కొండముచ్చు తాత, నల్లప్ప అక్కడే ఉన్నారు.

"తాతా, నా వంతు తెచ్చాను. ఇంకా తెస్తాను. పిల్లకు కాపలా పెట్టించు," అంది జరిగిందంతా చెప్పి.

తాత ఆ దుంపలను ముట్టుకోలేదు. "దాచకుండా చెప్పావు. అది మంచి పనే. కానీ ఇప్పుడు తీసుకోలేనమ్మా."

"పిల్ల చచ్చిపోతుంది తాతా."

"నా మనసు మాత్రం రాయా?" అన్నాడు తాత. "ఇది నా ఒక్కడి సొత్తు కాదు. తమ చేతుల్లో పొరపాటు జరిగిన రోజున ఉంటుందని నమ్మి వేశారు వీళ్ళంతా. వేయనివాళ్ళ పొరపాటుకు కూడా ఇందులోంచి తీస్తే, రేపు వేసేదెవరు? అవసరమైనవాడు వచ్చిన రోజున ఖాళీ గాదె చూపించనా?"

గిలక తలవంచుకుని వెనుదిరిగింది. నల్లప్ప దాని వెనకాలే నడిచొచ్చి ఒక తేనెపట్టు ముక్క చేతికిచ్చాడు. "ఇది గాదెది కాదు, నాది. పిల్లకు నాకించు," అన్నాడు. అంతకుమించి అతనూ ఏమీ చేయలేకపోయాడు.

అప్పటి నుంచి మొత్తం బరువు గిలక మీదే పడింది. చెంగల మేతకు వెళితే పొదలో పడుకోబెట్టిన పిల్ల దగ్గర తనే ఉండాలి. నిద్ర లేదు. తవ్వుకోవడానికి తీరిక లేదు. దాచుకున్న దుంపలు అయిపోయాయి. ఒళ్ళు చిక్కింది. పొదల్లో ఉడుత దూకినా ఉలిక్కిపడేది. నిజానికి దానికి ఆకలి కంటే భయమే ఎక్కువ. భయమే దాన్ని నిలబెట్టింది.

చిరుత మాట తప్పలేదు. ఒకసారి వచ్చి దూరంగా కూర్చుని చూసి వెళ్ళింది. ఇంకోసారి పొద చుట్టూ తిరిగి వెళ్ళింది. మూడోసారి వచ్చినప్పుడు గిలక నీరసంతో కునికింది. ముఖం మీద వెచ్చటి ఊపిరి తగిలి కళ్ళు తెరిచింది. చిరుత దాన్ని దాటి పిల్ల మీదికి వంగుతోంది.

గిలక ఆలోచించలేదు. వెనక్కి దూసుకెళ్ళి ముళ్ళతో ఒక్క పోటు పొడిచింది. చిరుత గర్జించి పంజా విసిరింది. గిలక డొక్క చీరుకుపోయింది. మేతకు వెళ్ళిన చెంగల కేక పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ముక్కు నిండా ముళ్ళతో చిరుత కొండెక్కింది.

పుప్పొడి చెవి కొసన చిన్న ముక్క పోయింది. ప్రాణం మిగిలింది.

"వదినా, నీకు రక్తం కారుతోంది," అంది చెంగల. ఆ గోతి సంగతి తెలిసిన తర్వాత అది గిలకతో మెత్తగా మాట్లాడడం అదే మొదలు. నమిలిన ఆకు తెచ్చి గాయానికి అద్దింది.

వానలు వెళ్ళాయి. పుప్పొడి కాలు అతుక్కుంది, వంకరగా. మళ్ళీ ఎండలు కాశాయి, మళ్ళీ తాత బయలుదేరాడు. ఆయన రాకముందే గిలక దుంపలు గడప ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఇక ముందు జరిగేవాటికే ఇది. పాతదానికి కాదు," అన్నాడు తాత.

"తెలుసు తాతా. పుప్పొడి నా బాధ్యతే," అంది గిలక.

ఆ సాయంత్రం జింకల మంద వాగుకు బయలుదేరింది. అన్నీ చెంగుచెంగున ముందుకు పోయాయి. పుప్పొడి కుంటుకుంటూ అన్నిటికంటే వెనకబడింది. దాని వెనకాల గిలక. కొండ మీద చిరుత గొంతు వినబడి, ఆగిపోయింది.

"అత్తా, ఉన్నావా?" అంది పుప్పొడి వెనక్కి చూడకుండా.

"ఉన్నాను. నడువు."

నీతి: మనకు ఏ కీడూ రాకుండా చూసుకుంటే సరిపోదు, మన పొరపాటు ఇంకొకరిని ముంచకుండా, అది జరగకముందే అందరితో కలిసి కొంత ఎత్తిపెట్టాలి.