తడి గరిటె

కంప్యూటర్‌కి మళ్ళీ వైరస్ పట్టింది. భానోజీ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ కంప్యూటర్ అతని గురువు మంగతాయారు గారిది. హరికథలతో ఊళ్ళకు ఊళ్ళను కూర్చోబెట్టిన గొంతు ఆవిడది. ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప పలకడం లేదు. పాత క్యాసెట్లు అరిగిపోయాయి. వాటినుంచి ఎక్కించిన కథలు ఇప్పుడా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అవి వినే భానోజీ పాఠం నేర్చుకుంటున్నాడు.

వైరస్ వచ్చినప్పుడల్లా కథలు మాయమయ్యేవి. వాటి చోట ఉత్త షార్ట్‌కట్లు మిగిలేవి. భానోజీ యాంటీవైరస్ నడిపి, దాక్కున్న ఫైళ్ళను బయటికి లాగేవాడు. పోయినసారైతే మొత్తం చెరిపేసి విండోస్ కొత్తగా వేశాడు.

"కడిగి పారేశానమ్మగారూ! ఇంక దాని తాత కూడా రాలేడు" అంటూ మెడలో వేలాడే పెన్ డ్రైవ్ పెట్టి కథలు తిరిగి ఎక్కించాడు. ఆ పెన్ డ్రైవ్ ఫోటో స్టూడియోకీ, నెట్ సెంటర్‌కీ, అతనెక్కడికి వెళ్తే అక్కడికల్లా వెళ్ళేది.

తాత సంగతేమో గానీ వైరస్ వచ్చేసింది. ఈసారి రుక్మిణీ కల్యాణం ఎంత తంటాలు పడ్డా తెరుచుకోలేదు, పెన్ డ్రైవ్‌లోది కూడా.

భానోజీకి ఏడుపొచ్చింది. "ఈ కంప్యూటరే దరిద్రపుది. ఆ ఇంటర్నెట్ వాళ్ళు అంతకన్నా దరిద్రులు. నేను చెయ్యాల్సిందంతా చేశానమ్మగారూ!"

ఆవిడ అన్నానికి రమ్మని సైగ చేశారు.

విస్తట్లో అన్నం పెట్టి, ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పారు. గరిటె చెంబులో ముంచి, నీళ్ళు కారుతుండగానే జాడీలోకి దించబోయారు.

భానోజీ ఒక్క ఉదుటున లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యయ్యో, తడి గరిటె!"

"అయితే ఏం?" అన్నారావిడ గుసగుసగా.

"బూజు పట్టదూ?"

"పడితే పైది తీసి పారెయ్యి."

"తీస్తే ఏం లాభమండీ? మళ్ళీ ఆ తడి గరిటే పెడితే..."

అతని చెయ్యి మెడలోని పెన్ డ్రైవ్ మీదికి వెళ్ళింది.

"అమ్మగారూ, రుక్మిణీ కల్యాణం పోగొట్టింది నేనే" అన్నాడు.

ఆవిడ కాదనలేదు. భుజం మీది పొడి తువ్వాలు తీసి గరిటెతో సహా అతని చేతిలో పెట్టారు.

"మిగతావి ఉన్నాయిగా. తుడు."