గుర్రానికి గోంగూర పచ్చడి

చింతలదుర్గం రాజు రణభూపతికి వైద్యుడు ధరణీధరశాస్త్రి మీద కోపం వచ్చింది.

"నాడి చూడమంటే నా కంచంలోకి తొంగి చూస్తావేమయ్యా?" అని గర్జించాడు.

కొంతకాలంగా రాజుకు తల దిమ్ముగా ఉంటోంది. మెట్లెక్కితే ఆయాసం. మొన్న కొలువులో లేవబోయి, కళ్లు తిరిగి మళ్లీ సింహాసనంలోనే కూలబడ్డాడు. రాణి అనంతాదేవి భయపడి శాస్త్రిని పిలిపించింది. ఆయన ఉన్నమాట చెప్పాడు.

"రక్తం పోటెక్కింది, ప్రభూ. పచ్చళ్లు, అప్పడాలు, ఉప్పుచేపలు బాగా తగ్గించాలి. ఆకుకూరలు, పళ్లు, చప్పటి మజ్జిగ పుచ్చుకోవాలి. లేకపోతే ప్రాణానికే ముప్పు."

పక్కనే ఉన్న నాగదేవయ్య పకపకా నవ్వాడు. వంటశాల పెత్తనం అతనిదే. రాజు ఏమంటే దానికి తాళం వెయ్యడమే అతని విద్య.

"ఉప్పూ కారం తినే ఒంట్లోనే కదండీ పౌరుషం ఉండేది! చప్పిడి తిండి తినమంటే రాజుగారిని పిరికివాణ్ణి చెయ్యడమే."

రాజు మీసం దువ్వాడు. శాస్త్రిని పొమ్మన్నాడు. ఆ పూట గోంగూర పచ్చడి మారు వడ్డించుకున్నాడు.

రాణికి దిగులు పట్టుకుంది. కొలువులో చమత్కారిగా పేరున్న మల్లోజుకు కబురు పెట్టింది.

"ఆ నాగదేవయ్య మాటే నెగ్గుతోంది మల్లోజూ. నువ్వే ఏదైనా చెయ్యాలి."

"ఆయన మాటనే నెగ్గనిద్దాం తల్లీ" అన్నాడు మల్లోజు.

మర్నాడు కొలువులో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, దసరా గుర్రప్పందెం దగ్గరపడింది. పోయినేడు పొరుగు రాజు గుర్రం మన గుర్రం మేఘాన్ని దాటిపోయింది. మేఘానికి పౌరుషం చాల్లేదేమో! నాగదేవయ్యగారు చెప్పిన తిండి దానికీ పెడితే?"

నాగదేవయ్య ఛాతీ ఉప్పొంగింది. "భేషైన ఆలోచన! నా చేత్తో నేనే పెడతాను."

పచ్చడి జాడీ వచ్చింది. మేఘాన్ని ముంగిట్లోకి నడిపించుకొచ్చారు. నాగదేవయ్య ఉలవల్లో గుప్పెడు పచ్చడి కలిపి, ముద్ద చేసి గుర్రం మూతి దగ్గర పెట్టాడు.

రాజు సింహాసనం మీంచి ఒక్క ఉరుకున వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు! నా గుర్రాన్ని చంపుతావా?"

"ఏమవుతుంది ప్రభూ?" అన్నాడు మల్లోజు, ఏమీ ఎరగనట్టు.

"ఏమవుతుందా! రోజూ ఇంత ఉప్పు తింటే గుండె మీద భారం పడదూ? నాలుగడుగులకే రొప్పుతుంది. కళ్లు తిరిగి కూలబడుతుంది. మేఘానికి పచ్చగడ్డి, ఉలవలు, అంతే! గుర్రాల సంగతి నాకు తెలీదా?"

మల్లోజు చేతులు జోడించాడు.

"ఆ గుర్రం మీద చూపే దయలో సగం, దాన్నెక్కే మా రాజు మీద కూడా చూపించండి, ప్రభూ!"

పరిగెత్తుకొచ్చిన రాజు ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కొలువులో కూర్చున్న రాణి వైపు చూశాడు. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

అప్పుడు ఫక్కున నవ్వాడు.

"నాగదేవయ్యా, ఇవాళ్టి నుంచి నువ్వు గుర్రపుశాలలో ఉలవలు నానబెట్టు. ఎవరక్కడ? శాస్త్రిగారిని పల్లకీలో తీసుకురండి, నా కంచంలో ఏముండాలో ఆయనే చెబుతారు. మల్లోజూ, నీకేం బహుమానం ఇవ్వను? నా పచ్చడి జాడీలన్నీ మీ ఇంటికి పంపించనా?"

మల్లోజు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేనేం తప్పు చేశాను ప్రభూ?"

కొలువంతా గొల్లున నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటూ, రాజు తన మెళ్లోని ముత్యాలహారం తీసి మల్లోజు మెడలో వేశాడు.