మిణుగురు ముద్ర ఎవరిది?

సెలగడ్డ అడవిలో ముంగిసలు, కుందేళ్ళు, కొండముచ్చులు, నెమళ్ళు, ముళ్ళపందులు, ఉడుతలు ఉండేవి. ఒక కంప్యూటర్ కూడా ఉండేది.

దాన్ని బంటయ్య అనే ముసలి ఎలుగుబంటి తయారుచేసింది. అది గుమ్మడికాయంత పెట్టె. ముందువైపు తెర పచ్చగా వెలిగేది కాబట్టి దానికి మిణుగురు అని పేరు పెట్టింది. చిల్లులు పొడిచిన చెక్క పలకను గూట్లో దూర్చితే, లోపలి పుల్లలు ఆ చిల్లులను తడిమి చూసేవి. పలకలో ఏ పని ఉంటే ఆ పని జరిగేది. ఒక పలక కప్ప పిల్లలను ఆడించేది. ఇంకో పలక ఏ గట్టున ఏ పువ్వు పూస్తుందో తేనెటీగలకు చెప్పేది. బంటయ్య అలాంటి పెట్టెలు చాలా చేసి అడవి అంతా పంచింది. ప్రతి పెట్టె మీదా తన లక్క ముద్ర వేసింది.

బంటయ్య చనిపోయింది. పెట్టెలు ఒక్కొక్కటే మూగబోయాయి. చివరికి ఏటి ఒడ్డున బొరియలో ఉండే గంగులు అనే ముంగిస దగ్గర ఒక్కటే మిగిలింది. దాని మూలలకు తుమ్మజిగురు పూసి, తీగలు చుట్టి, గంగులు ఎలాగో నడిపించుకొస్తోంది.

దానికి కారణం ఉంది. గంగులు దగ్గర వరద పలక ఉంది. కొండమీద కొండముచ్చులు ఆకు దొప్పల్లో వాన కొలిచి, "ఏడు దొప్పలు!" అని అరిచేవి. గంగులు ఆ లెక్క పెట్టెకు చెప్పేది. ఏరు ఎంత ఎత్తు లేస్తుందో పెట్టె లెక్కగట్టి, ప్రమాదం ఉంటే ఈల వేసేది. అప్పుడు ఒడ్డున ఉన్నవాళ్ళంతా పిల్లలతో కొండెక్కేవారు. వాన పడ్డప్పుడల్లా ఎక్కడానికి లేదు, పైన గద్దలు కాచుకుని ఉంటాయి. గంగులుకు నలుగురు పిల్లలు. ఇంకా కళ్ళు కూడా తెరవలేదు.

బంటయ్యకు ముగ్గురు శిష్యులు. నెమలి, ముళ్ళపంది, ఉడుత. ముగ్గురూ గురువును ప్రేమించినవారే. ముగ్గురూ కొత్త పెట్టెలు చేశారు. నెమలి తన పెట్టెకు నిజ మిణుగురు అని పేరు పెట్టింది. ముళ్ళపంది తన పెట్టెను అసలు మిణుగురు అంది. ఉడుత తన దాన్ని సిసలు మిణుగురు అంది.

అక్కడ మొదలైంది గొడవ. గురువు లక్క ముద్ర తన పెట్టె మీదే ఉండాలని ముగ్గురూ పట్టుబట్టారు. ఒకరి పలకలు మరొకరి పెట్టెలో నడవకూడదని నెమలి గూడు వెడల్పు చేసింది. ముళ్ళపంది ఇరుకు చేసింది. ఉడుత పుల్లల వరసే మార్చేసింది. ఆ హడావిడిలో గురువు పలకలు ఎవరి పెట్టెలోనూ పట్టకుండా పోయాయి. ఆ సంగతి మాత్రం ముగ్గురూ పట్టించుకోలేదు.

తగువు ఏనుగు తాత దగ్గరికి వెళ్ళింది. ఎండాకాలం పోయింది, చలికాలం పోయింది, మళ్ళీ ఎండాకాలం వచ్చింది. తగువు తెగలేదు.

"మళ్ళీ అదేనా?" అని ఏనుగు తాత నిట్టూర్చేది. "సరే, చెప్పండి."

"తాతా, నా పెట్టె తెర చూడండి, రంగులు చూడండి!" అనేది నెమలి.

"తోక చూపించడం తప్ప నీకేం వచ్చురా? లోపలి పనితనం నాది," అనేది ముళ్ళపంది.

"నీ పెట్టె దగ్గరికి పోవాలంటేనే గుచ్చుకుంటుంది బావా!" అనేది ఉడుత.

వినేవాళ్ళు మొదట్లో నవ్వారు. తర్వాత పక్షాలు కట్టారు. నిజ పక్షపు కుందేలు అసలు పక్షపు కుందేలుతో మాట్లాడటం మానేసింది. ఆ తర్వాత అందరికీ విసుగొచ్చింది. కప్ప పిల్లలు ఆట సంగతే మరిచిపోయాయి. తేనెటీగలు పాతకాలంలోలాగా పువ్వు పువ్వుకూ తిరిగి అలిసిపోతున్నాయి. ఎవరూ ఏ కొత్త పెట్టే తీసుకోలేదు.

తొలకరి పడింది. ఆ రోజే గంగులు పెట్టె తెర ఆరిపోయింది. ఎంత తట్టినా వెలగలేదు, పెట్టె కూడా మూగబోయింది.

గంగులు పలక నోట కరుచుకుని నెమలి దగ్గరికి పరుగెత్తింది.

"నాయనా, ఈ పలక నీ పెట్టెలో ఒకసారి నడిపించు."

"తప్పకుండా అత్తా. ముందు పంచాయితీకి వచ్చి, నాదే నిజ మిణుగురు అని చెప్పు."

"చెప్తాను. నడుస్తుందా?"

నెమలి పలక పెట్టి చూసింది. అది వెడల్పు గూట్లో అటూ ఇటూ జారింది. "ఇప్పుడే కాదు అత్తా. పైఏడు చూద్దాం," అంది.

గంగులు ముళ్ళపంది దగ్గరికి వెళ్ళింది. ఆ ఇరుకు గూట్లో పలక అసలు దూరలేదు.

"పలక అంచులు కోసెయ్ పిన్నీ," అంది ముళ్ళపంది.

"అంచుల దాకా చిల్లులే నాయనా. కోస్తే లెక్క పోతుంది."

"అయితే తప్పు పలకది. నా పెట్టెది కాదు."

ఉడుత ఇంట్లో లేదు. గంగులు దాన్ని వెతుక్కుంటూ, తడుస్తూ ఏనుగు తాత పంచాయితీకి వచ్చింది. శిష్యులు ముగ్గురూ అప్పటికే అక్కడ చేరి, ముద్ర గురించి మళ్ళీ మొదలుపెట్టారు. గంగులు ఎవరినీ తిట్టలేదు. తిట్టే ఓపిక లేదు. పలకను మధ్యలో పెట్టి కూలబడింది.

"మీలో ఎవరు అసలో నాకక్కర్లేదు," అంది. "నా పిల్లల్ని ఎప్పుడు కొండెక్కించాలో ఎవరు చెప్తారు?"

నెమలి ముళ్ళపంది వైపు చూసింది. ముళ్ళపంది నెమలి వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి, "అంతా వీడి వల్లే!" అన్నారు.

ఉడుత పలక వైపు చూసింది. చిల్లుల చుట్టూ గురువు పళ్ళ గాట్లు ఉన్నాయి. ఒక్కొక్క గాటునూ తడిమి చూసింది.

"తాతా, నేను తగువు మానుకుంటున్నాను," అంది చివరికి. "ముద్ర వాళ్ళిద్దరికీ ఇచ్చేయండి. నా పెట్టెకు పేరు కూడా వద్దు."

"ఓడిపోయావన్నమాట!" అని నెమలి నవ్వింది.

"అవును బావా, అలిసిపోయాను. అక్కా, నీ పాత పెట్టె ఎక్కడుంది?"

ఉడుత గంగులు బొరియకు వెళ్ళి పాత పెట్టె విప్పింది. తెర పోయినా లోపలి పుల్లల వరస బాగానే ఉంది. ఉడుత తన పెట్టె తెచ్చి, తను రెండు వేసవులు కష్టపడి అమర్చిన కొత్త పుల్లలను పీకేసింది. వాటి జాగాలో గురువు పుల్లలను బిగించింది. ఇక ఉడుత చేసిన కొత్త పలకల్లో ఒక్కటీ దాని సొంత పెట్టెలో నడవదు. ఆ సంగతి ఉడుతకు తెలుసు.

పలక దూరింది. తెర వణుకుతూ వెలిగింది.

"పదకొండు దొప్పలు!" అని కొండముచ్చులు అరిచాయి.

పెట్టె లెక్కగట్టింది. నెమ్మదిగా కట్టినా సరిగ్గా కట్టింది. గట్టిగా ఈల వేసింది.

ఒడ్డున ఉన్నవాళ్ళంతా కదిలారు. గంగులు ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని కొండెక్కించింది. నాలుగో పిల్లను ఉడుత మోసింది. పెట్టెను కుందేళ్ళు దొర్లించుకొచ్చాయి. దారిలో అందరూ నెమలి పాక ముందూ, ముళ్ళపంది పాక ముందూ ఆగి వాళ్ళను పిలిచారు. రెండు పాకలూ ఒడ్డునే ఉన్నాయి.

"ఏ పెట్టె ఈల వేసింది?" అని నెమలి అడిగింది.

"ఉడుతది."

"ముద్ర లేని పెట్టె ఈల వేస్తే నేను లేవాలా?"

ఈ ఒక్క మాటలో మాత్రం ముళ్ళపంది దానితో ఏకీభవించింది.

సాయంత్రానికి ఏరు పొంగింది. నెమలి ఎగిరి కొమ్మెక్కింది. ముళ్ళపంది ఒక దుంగ పట్టుకుని గట్టు చేరింది. నిజ మిణుగురులూ, అసలు మిణుగురులూ బురదనీళ్ళలో వరసగా కొట్టుకుపోయాయి. ఏది ఏదో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు ఎండ కాసింది. ఉడుత పెట్టె ముందు కప్ప పిల్లలూ తేనెటీగలూ వరస కట్టాయి. అందరి దగ్గరా గురువు పలకలే. నాకూ ఒక పెట్టె చేసిపెట్టమని ప్రతి ఒక్కరూ అడిగారు. వరస చివర నెమలి, ముళ్ళపంది తల వంచుకుని నిలబడ్డాయి.

"పుల్లలు చెక్కడానికి నా రెండు చేతులూ చాలడం లేదు," అంది ఉడుత. "బావలూ, చేతులు ఖాళీయేనా?"

ఇద్దరూ చెరొక చెక్కముక్క తీసుకున్నారు.

నీతి: ఇష్టమైనదాని పేరు కోసం పోట్లాడేవాడు దానికి వారసుడు కాడు. అది చేసే పని ఆగకుండా చూసేవాడే వారసుడు.