బిరడ మీద చెయ్యి

హనుమంతాచారికి నెల రోజులుగా ఒకటే దిగులు. పదిహేనేళ్ల బిడ్డ సులోచన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు.

తుంగభద్ర ఒడ్డున మల్లప్ప తాత మఠంలో ప్రతి సోమవారం భజన జరిగేది. ఆచారి కొయ్యపని చేసేవాడు, భజనకు హార్మోనియం వాయించేవాడు. మఠంలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చునేవారు. ఆడవాళ్లు చరణం ఎత్తుకుంటే మగవాళ్లు అందుకునేవారు. ఆరేళ్లప్పటి నుంచీ ఆడవాళ్ల వైపు ముందు లేచే గొంతు సులోచనదే.

ఒక సోమవారం ఆ బిడ్డ జడ కత్తిరించుకుని, అన్న చొక్కా తొడుక్కుని వచ్చి గడప దగ్గర నిలబడిపోయింది. ఏ పక్కకూ పోలేదు. ఆచారి వాయించడం ఆపేసి, "ఈ పక్కనా, ఆ పక్కనా? ఏదో ఒకటి ఇప్పుడే చెప్పు!" అని అందరి ముందూ అరిచాడు. ఎవరో నవ్వారు కూడా. బిడ్డ వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆనాటి నుంచి పాటా లేదు, మాటా లేదు.

బడి మాన్పించి ఆదోనిలో మేనత్త దగ్గర వదిలేస్తే, ఊరు మారి మనసూ మారుతుందని ఇంట్లో పెద్దలు తేల్చారు. ఆచారి బట్టల సంచి సర్దాడు. పన్నెండు గంటలకు బస్సు. ఎక్కేముందు తాత చేత ఒక మాట చెప్పిద్దామని, బిడ్డను వెంటబెట్టుకుని మఠానికి వచ్చాడు.

"నువ్వే అడుగు తాతా. నాకు చెప్పడంలేదు. ఆడపిల్లనో, మగపిల్లోడినో, బస్సెక్కే లోపల తేల్చి చెప్పమను."

తాత బిడ్డను ఏమీ అడగలేదు. ఎదురుగా చాప వేసి, "కూసో బిడ్డా, ఎండన పడి వచ్చినావు" అన్నాడు. తరువాత ఆచారితో, "బిడ్డ పాట విని నెలయింది. శ్రుతి పట్టప్పా" అన్నాడు.

ఆచారి హార్మోనియం తెరిచి, అలవాటు కొద్దీ ఆడవాళ్లకు పట్టే ఐదో శ్రుతి నొక్కాడు. బిడ్డ తల దించుకుంది. విసుగ్గా వేలు జరిపి, మగవాళ్లకు పట్టే ఒకటిన్నర నొక్కాడు. బిడ్డ తల ఇంకా కిందికి పోయింది.

తాత చెయ్యి చాచి హార్మోనియం మూసేశాడు. గోడకు ఆనించిన పాత తంబూర తెచ్చి ఆచారి ఒళ్లో పెట్టాడు.

"దీని శ్రుతి కలుపు."

"దేనికి కలపల్ల?"

"బిడ్డ గొంతుకు."

వంటశాల గుమ్మంలో బియ్యం చెరుగుతున్న బసమ్మ పకపకా నవ్వింది. ఆమె మాకు వరసకు అవ్వ. ఈ సంగతంతా ఆమె నోట విన్నదే. "పెట్టె నొక్కే చేతికి తంబూర యాడొస్తాది తాతా? తీగలన్నీ తెంపి పెడతాడు!" అంది.

"తెగితే కొత్తవి కడతాం లే. నీ బియ్యం చూసుకో" అన్నాడు తాత.

ఆచారి తంబూర నిలబెట్టి, తీగ బిగించే బిరడ పట్టుకున్నాడు. బిడ్డ నోరు తెరవలేదు. "పాడు మరి!" అని గదమాయించాడు.

"నేను తంబూరను కలపమన్నా. బిడ్డను కలపమనలేదు" అన్నాడు తాత.

ఆచారి బిరడ పట్టుకుని కాచుకున్నాడు.

బిడ్డే తాతను అడిగింది. "ఏది పాడమంటావు తాతా?"

"నీకు ఏది వస్తే అది. పాటే కానక్కర్లేదు."

బిడ్డ కళ్లు మూసుకుని సన్నగా కూనిరాగం తీసింది. ఆచారి గబగబా బిరడ తిప్పాడు. తీగ కీచుమంది. బిడ్డ ఆగిపోయింది. అతను తీగ వదులు చేసి మళ్లీ కాచుకున్నాడు. ఈసారి గొంతు కిందినుంచి లేచింది, కొంచెం పైకి పోయింది, అక్కడ ఉండలేక మళ్లీ దిగింది. ఆచారి చెవి తంబూరకు ఆనించి, దాని వెంటే తడుముకుంటూ పోయాడు.

"ఒక చోట నిలవడంలేదు తాతా."

"నిలవకపోతే?"

"పైగా ఈ బిరడ అరిగిపోయింది. చెయ్యి తీస్తే జారిపోతాది."

"అయితే తీయొద్దు."

అంతలో రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. "ఆదోనీ, ఆదోనీ" అని కండక్టర్ కేక. బిడ్డ కూనిరాగం తెగిపోయింది. కళ్లు తెరిచి తండ్రి చేతి వైపు చూసింది.

ఆచారి సగం లేచాడు. చెయ్యి బిరడ మీదే ఉంది. సంచి వైపు చూశాడు, బిడ్డ వైపు చూశాడు. హారన్ ఇంకోసారి మోగింది. అతను మెల్లగా మళ్లీ కూర్చున్నాడు.

బస్సు వెళ్లిపోయింది. దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా ముగ్గురూ కదల్లేదు. బసమ్మ కూడా చేట ఆపేసిందట.

"నాన్నా" అంది బిడ్డ.

నెల రోజులకు విన్న పిలుపు. ఆచారి బిరడ పట్టు వదల్లేదు.

"నాకే ఇంకా తెలియడంలేదు నాన్నా. జడ వేసుకుంటే నేను కాదనిపిస్తాది. ఈ చొక్కాలో కొన్నాళ్లు బాగుంటాది, కొన్నాళ్లు అదీ తెలియదు. నువ్వు ఇప్పుడే చెప్పమంటే నేను యాడనుంచి తెచ్చి చెప్పల్ల?"

ఆచారి తాత వైపు చూశాడు. తాత కిటికీలోంచి ఏటి వైపు చూస్తున్నాడు. అక్కడ నుంచి సాయం రాదని ఆచారికి తెలిసింది.

"తెలియనప్పుడు తెలియదనే చెప్పు" అన్నాడు ఆచారి. "అదైనా నాకు చెప్పు. మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు."

బిడ్డ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆచారి తంబూరను జాగ్రత్తగా చాప మీద పడుకోబెట్టి, బిడ్డ పక్కకు జరిగి కూర్చున్నాడు.

కొంచెం సేపయ్యాక, గొంతు తగ్గించి, "తాతా, ఇంక నేను ఈ బిడ్డను ఏమీ అడగొద్దా?" అన్నాడు.

"ఎందుకు అడగొద్దు? పొద్దెక్కింది. ఆకలేస్తాందేమో అడుగు."